సాయంత్రం కరువైన పిల్లలు: తిరుపతి, చిత్తూరు బడుల్లో ఊబకాయం

ఊబకాయం పెద్దవాళ్ళ జబ్బని మన జిల్లాల్లో ఇంకా చాలామంది నమ్మకం. ఆ నమ్మకానికి ప్రభుత్వ లెక్కలు కూడా కొంత కారణం. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత 2019-21లో జరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 36.3 శాతం మంది, మగవాళ్ళలో 31.1 శాతం మంది అధిక బరువుతోనో ఊబకాయంతోనో ఉన్నారని అది తేల్చింది. దేశం మొత్తం మీద ఆడవాళ్ళలో ఇది 24 శాతం, మగవాళ్ళలో 22.9 శాతం. అదే సర్వే ఐదేళ్ళ లోపు పసిపిల్లల్నీ తూచింది. మన రాష్ట్రంలో వాళ్ళలో అధిక బరువున్నవాళ్ళు 2.7 శాతమే. పసివాళ్ళని, పెద్దవాళ్ళని కొలిచే పద్ధతులు వేరువేరు కాబట్టి రెండు అంకెల్నీ నేరుగా పోల్చకూడదు. అయినా ఒక ప్రశ్న మిగులుతుంది. మూడు శాతం కూడా లేని చోట మొదలై ముప్పై దాటేది ఏ వయసులో? ఐదేళ్ళు నిండినప్పటి నుంచి పద్నాలుగు దాకా, అంటే ఒకటో తరగతి నుంచి తొమ్మిదో తరగతి దాకా ఉన్న పిల్లల్ని ఆ సర్వే తూచదు. శరీరం తీరు, తిండి అలవాటు, ఆటల అలవాటు స్థిరపడే ఏళ్ళు సరిగ్గా అవే.

ఈ ఖాళీని ఒక్కసారి మాత్రం 2016-18లో జరిగిన సమగ్ర జాతీయ పోషకాహార సర్వే పూరించింది. దేశంలో 10 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో 5 శాతం మంది అధిక బరువున్నారని, 24 శాతం మంది వయసుకు తగ్గ ఒళ్ళు లేక బక్కగా ఉన్నారని అది చెప్పింది. ఈ రెండు అంకెలే చూసినవాళ్ళు "మన సమస్య ఇప్పటికీ ఆకలే" అంటారు. కానీ అదే సర్వే ఆ పిల్లల రక్తాన్ని కూడా పరీక్షించింది. నూటికి పదిమందిలో మధుమేహానికి ముందు దశ కనిపించింది. అధిక బరువున్నవాళ్ళు ఐదుగురైతే చక్కెర అదుపు తప్పుతున్నవాళ్ళు పదిమంది. అంటే చూడటానికి సన్నగా ఉన్న పిల్లల్లో కూడా ఏదో జరుగుతోంది.

ఆ జరిగేదేమిటో పుణెకు చెందిన వైద్య శాస్త్రవేత్త చిత్తరంజన్ యాజ్ఞిక్ ఒక ఫొటోతో చూపించారు. 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఆ ఫొటోలో ఆయన, బ్రిటిష్ వైద్యుడు జాన్ యుడ్కిన్ పక్కపక్కనే నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ (ఎత్తుకు బరువు ఎంతో చెప్పే సూచిక) 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. మనవాళ్ళకి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, అదీ పొట్ట చుట్టూ ఎక్కువ. అందుకే యూరప్ వాళ్ళకి గీసిన గీత మనకి సరిపోదు. భారతీయ శిశువైద్యుల సంఘం 2015లో మన పిల్లలకు వేరుగా ఎదుగుదల పట్టికలు తయారుచేసింది. పెద్దయ్యాక బీఎంఐ 23కు సమానమయ్యే గీత దాటితే అధిక బరువు, 27కు సమానమయ్యే గీత దాటితే ఊబకాయం అని వాటి లెక్క. పిల్లల బీఎంఐని పెద్దవాళ్ళ అంకెతో చూడకూడదు. వయసు, ఆడా మగా తేడా చూసి పట్టికలో పెట్టాలి.

పట్టిక చేతిలో లేని ఇంట్లో కూడా చేసుకోగల పరీక్ష ఒకటుంది. పిల్లవాడి ఎత్తుకు సరిపడా దారం తీసుకుని సగానికి మడవాలి. మడిచిన దారం నడుము చుట్టూ అందకపోతే, అంటే నడుము కొలత ఎత్తులో సగం దాటితే, డాక్టరుకు చూపించాలి. బరువు కాటా కన్నా ఈ దారమే మన పిల్లల విషయంలో ఎక్కువ నిజం చెబుతుంది.

ఇక దేశం, ప్రపంచం సంగతి. 2024లో లాన్సెట్‌లో వచ్చిన అంతర్జాతీయ అంచనా ప్రకారం 1990లో భారతదేశంలో 5 నుంచి 19 ఏళ్ళ పిల్లల్లో ఊబకాయులు సుమారు 4 లక్షల మంది. 2022 నాటికి వాళ్ళు కోటీ 25 లక్షలయ్యారు. 2025లో యునిసెఫ్ ఇంకో మాట చెప్పింది. బడి వయసు పిల్లల్లో బక్కచిక్కినవాళ్ళకన్నా ఊబకాయులు ఎక్కువ కావడం ప్రపంచ చరిత్రలో అదే మొదటిసారి. దక్షిణాసియాలో ఇంకా ఆ మలుపు రాలేదు. మన దగ్గర రెండూ ఒకే బడిలో, ఒక్కోసారి ఒకే ఇంట్లో ఉన్నాయి. ఆ మాట మరిచి రాసిన ఏ పరిష్కారమూ ఇక్కడ నిలబడదు.

దక్షిణ రాయలసీమకు ఆకలి కొత్త కాదు. 1876-78 నాటి ధాత కరువులో ఈ ప్రాంతం ఊళ్ళకు ఊళ్ళే పోగొట్టుకుంది. చిత్తూరు అప్పటికింకా జిల్లా కూడా కాదు, ఉత్తర ఆర్కాటులో భాగం. 1911లో జిల్లా అయిన తర్వాత కూడా వానలు మొహం చాటేయడం, గంజి కేంద్రాలు వెలవడం ఇక్కడివాళ్ళు చూస్తూనే వచ్చారు. తిరుపతిలో గంగమ్మ జాతరకు ఈ రోజుకీ రాగి అంబలి నైవేద్యం పెడతారు. ఇలాంటి చోట బొద్దుగా ఉన్న మనవణ్ణి చూసి అవ్వ మురిసిపోవడం తప్పు కాదు. బిడ్డ ఒళ్ళు చేశాడంటే ఆ ఇంట్లోంచి కరువు వెళ్ళిపోయిందని ఆమెకు నిదర్శనం. "ఎదిగే పిల్లోడు, తిననీ" అన్న మాట వెనక మూడు నాలుగు తరాల భయం ఉంది.

ఆ భయం శరీరంలోనూ మిగిలి ఉండొచ్చని శాస్త్రం అంటోంది. గర్భంలో తిండి చాలని బిడ్డ, దొరికిన ప్రతి ముద్దనూ దాచుకునే తీరుకు అలవాటు పడతాడనే ప్రతిపాదన 1992లో హేల్స్, బార్కర్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్తలు చేశారు. తక్కువ బరువుతో పుట్టి, తర్వాత తిండి పుష్కలమైన చోట పెరిగిన పిల్లలకు మధుమేహం ముప్పు ఎక్కువని ఆ తర్వాత అనేక దేశాల్లో తేలింది. రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉందని ఐదో విడత సర్వే చెబుతున్నప్పుడు ఈ గొలుసు ఇంకా తెగలేదనే అనుకోవాలి. రక్తహీనత ఉన్న తల్లికి చిన్న బిడ్డ పుట్టడం, ఆ బిడ్డ పదో ఏటికి పొట్ట వేసుకోవడం ఒకే కథలో రెండు అధ్యాయాలు.

తిండి ఎలా మారిందో చెప్పుకోవాలంటే ముందు సంగటి దగ్గరికి రావాలి. రాగి సంగటి, ఉలవచారు, అలసందలు, చెనిక్కాయల ఊరిబిండి ఇక్కడి రైతు తిండి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని నేను తప్పుపట్టను. కానీ దాంతోపాటు వరి అన్నం రోజువారీ తిండి అయింది, రాగి మెల్లగా పండగ పూటకో హోటల్ బోర్డుకో చేరింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మేలో కొత్త ఆహార మార్గదర్శకాలు విడుదల చేసింది. రోజు మొత్తంలో శక్తి 45 శాతానికి మించి ధాన్యాల నుంచి రాకూడదని, పప్పులు, మాంసం వంటి వాటి నుంచి 15 శాతం దాకా రావాలని వాటిలో ఉంది. మన పిల్లల కంచంలో పొద్దున ఇడ్లీ, దోసె, మధ్యాహ్నం అన్నం, రాత్రి మళ్ళీ అన్నం. పప్పు నీళ్ళ చారవుతుంది, కూర అంచుకు మిగులుతుంది. ఈ తిండి వాళ్ళ తాతలూ తిన్నారు కదా అంటే, తాతలు మడక పట్టారు, మైళ్ళకు మైళ్ళు నడిచారు. మనవళ్ళు ఆటోలో వెళ్ళి బెంచీ మీద కూర్చుంటున్నారు.

ఇంటి తిండిని ఇంతకన్నా నిందించడం నాకు ఇష్టం లేదు. అసలు మార్పు ఇంటి బయట వచ్చింది. అందుకు మన జిల్లాల్లో పండే మామిడే సాక్ష్యం.

చిత్తూరు చుట్టుపక్కల తోటల్లో తోతాపురి విస్తారంగా పండుతుంది. గుజ్జు ఫ్యాక్టరీలు దాన్ని కొంటాయి. దేశంలో అమ్ముడయ్యే మామిడి పానీయాల్లో చాలావాటికి చిత్తూరు, కృష్ణగిరి గుజ్జే ముడిసరుకు. ఆ గుజ్జు నీళ్ళు, చక్కెర కలుపుకుని, ప్యాకెట్టులో దూరి, పది రూపాయల ధరతో తిరిగి ఇక్కడి బడి ముందున్న అంగడికే వస్తుంది. పండ్ల పానీయం అని పిలిపించుకోవడానికి మన ఆహార ప్రమాణాల ప్రకారం అందులో పండు పదో వంతు ఉంటే చాలు. నూరు మిల్లీలీటర్లకు పది నుంచి పద్నాలుగు గ్రాముల చక్కెర ఉంటుంది. ఒక చిన్న సీసా తాగితే, విడిగా కలిపిన చక్కెర రోజుకు 25 గ్రాముల లోపు ఉంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన హద్దు దగ్గరికి వెళ్ళిపోతాం. తల్లి మాత్రం "కూల్‌డ్రింకు కాదులే, మామిడి రసం" అని ధైర్యంగా కొనిస్తుంది.

2022 ఏప్రిల్‌లో ఏర్పడిన తిరుపతి జిల్లాలో శ్రీసిటీ ఉంది. అక్కడ 2015లో పెప్సికో, 2016లో క్యాడ్‌బరీ చాక్లెట్లు తయారుచేసే మాండెలీజ్ పెద్ద ఫ్యాక్టరీలు తెరిచాయి. కెలాగ్స్ కూడా అక్కడ ఉంది. వాటిలో మన పిల్లలే ఉద్యోగాలు చేస్తున్నారు, మంచిదే. తయారీ ఇంత దగ్గరగా ఉన్నా, దూరంగా ఉన్నా అంగడిలో ధర ఒకటే: ఐదు, పది. ఈ ధరలు పిల్లల జేబు చూసి పెట్టినవి. ఇంట్లోవాళ్ళు ఇచ్చే చిల్లర నోటుకు జామకాయ దొరకడం కష్టం, చిప్స్ ప్యాకెట్టు ఎక్కడైనా దొరుకుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి జీఎస్టీలో వచ్చిన మార్పులతో బిస్కెట్లు, చాక్లెట్లు, మిక్చర్ వంటి వాటి మీద, గ్యాస్ కలపని పండ్ల పానీయాల మీద పన్ను 5 శాతానికి తగ్గింది. గ్యాస్ పానీయాల మీద 40 శాతం ఉంది. సీసాలో బుడగలు ఉన్నాయా లేవా అన్నది పన్నుకు కొలత అయింది గాని, చక్కెర ఎంత ఉందన్నది కాలేదు. 2025 వేసవిలో తోతాపురి ధర పడిపోయి, కిలోకు నాలుగు రూపాయలు ప్రభుత్వమే కలిపి ఇవ్వాల్సి వచ్చిన రైతుకు పానీయాల గిరాకీ ఊరట అన్నది నిజమే. కానీ ఆ రైతుకు ఊరట చూపించే దారి ఇదొక్కటే కాదు. తోతాపురి కోతకు వచ్చేది జూన్, జూలైలలో. బడులు తెరిచేదీ జూన్‌లోనే. ఆ రెండు నెలలు బడి భోజనంలో వారానికి రెండు రోజులు పండు కోసి పెడితే రైతుకూ పిల్లవాడికీ కలిసొస్తుంది. ఈ పని రెండు జిల్లాల కలెక్టర్లు చేయించగలిగిందే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. కారణాల జాబితా ఎవరైనా రాయగలరు: తిండి, ఫోను, టీవీ, వంశం, నిద్ర, ఆటలు. ఈ జాబితా చదివిన తల్లిదండ్రులకు ఏం చేయాలో తోచదు, ఎందుకంటే అన్నీ సమానంగా కనిపిస్తాయి. తిరుపతి, చిత్తూరు పట్టణాల్లో చదువుకునే పిల్లవాడి రోజును గంటగంటకూ విప్పి చూస్తే ఈ కారణాలన్నీ వచ్చి కలిసే చోటు ఒకటి కనిపిస్తుంది. అది సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిది దాకా ఉన్న నాలుగు గంటలు.

మధ్యాహ్నం పన్నెండున్నరకు క్యారియరు తిన్న పిల్లవాడికి నాలుగున్నరకు కడుపు కాలుతుంది. ఇల్లు ఇంకా దూరం. కొందరికి బడిలోనే స్టడీ అవర్, మిగతావాళ్ళకి ఐదున్నరకు ట్యూషన్. ఈ మధ్యలో దొరికేది గేటు ముందు బజ్జీల బండి, బేకరీలో ఎగ్ పఫ్, వీధి మలుపులో నూడుల్స్, గోబీ మంచూరియా. ఆ నూనె చాలాచోట్ల రోజంతా కాగిన పామాయిల్. ఆకలి తీరేంత తినేసి ట్యూషన్‌లో రెండు గంటలు కూర్చుంటాడు. ఇంటికొచ్చేసరికి ఎనిమిది దాటుతుంది. అప్పుడు హోంవర్కు, దాని పక్కన ఫోను. పెద్ద భోజనం తొమ్మిదిన్నరకో పదికో. పడుకునేసరికి పదకొండు. పొద్దున ఆరున్నరకు స్కూలు బస్సు. ఆకలి పుట్టదు కాబట్టి టిఫిన్ తినడు, లేదా రెండు ముక్కలు కొరికి వెళ్తాడు. మధ్యాహ్నానికి మళ్ళీ ఆకలి మీదుంటాడు. మర్నాడు సాయంత్రం మళ్ళీ అదే బండి దగ్గర నిలబడతాడు.

ఇందులో పిల్లవాడి తిండిపోతుతనం ఎక్కడుంది? ఈ దినచర్యలో ఏ పిల్లవాణ్ణి పెట్టినా బరువు పెరుగుతాడు. ముప్పై ఏళ్ళ కిందట అదే నాలుగున్నరకు బడి వదిలితే ఇంటికొచ్చి చద్దన్నమో, చెనిక్కాయలో తిని చిల్లాకట్టె, కబడ్డీ, క్రికెట్ ఆడి, చీకటి పడ్డాక కాళ్ళు కడుక్కుని ఏడున్నరకు అన్నం తినేవాళ్ళు. అప్పటి పిల్లలు ఇప్పటివాళ్ళకన్నా బుద్ధిమంతులేమీ కారు. వాళ్ళకి సాయంత్రం ఉండేది.

సాయంత్రం ఎంత విలువైందో జాతీయ పోషకాహార సంస్థ పరిశోధకులు హైదరాబాదులో 12 నుంచి 17 ఏళ్ళ పిల్లల మీద చేసి 2007లో ప్రచురించిన అధ్యయనం చూపిస్తుంది. మొత్తం మీద అధిక బరువున్నవాళ్ళు 7.2 శాతం. రోజుకు మూడు గంటలు, అంతకు మించి టీవీ చూసేవాళ్ళలో 10.4 శాతం. వారానికి ఆరు గంటలకు తగ్గకుండా బయట ఆటలాడేవాళ్ళలో 3.1 శాతమే. ఇంటి పనుల్లో చేయి వేసే పిల్లల్లో కూడా ఇది తక్కువగానే కనిపించింది. వారానికి ఆరు గంటలంటే రోజుకు గంట కూడా కాదు. స్మార్ట్‌ఫోన్లు రాకముందు నాటి లెక్క అది, ఇప్పుడు అంకెలు మారి ఉంటాయి. ఆ గంటకున్న బలం మాత్రం తగ్గి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా పిల్లలకు రోజుకు గంట చొప్పున చెమట పట్టే కదలిక కావాలంటుంది. 2016 నాటి లెక్కల్లో భారతదేశంలో 11 నుంచి 17 ఏళ్ళవాళ్ళలో నూటికి 74 మందికి ఆ గంట అందడం లేదు.

గంట దొరికినా ఆడేది ఎక్కడ? 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులో ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని స్పష్టంగా రాసి ఉంది. తిరుపతి కాలనీల్లో ఎన్నో ప్రైవేటు బడులు అపార్టుమెంటులాంటి భవనాల్లో నడుస్తున్నాయి, వాటి ఆటస్థలం వాహనాలు నిలిపే సెల్లారు. టైంటేబుల్‌లో గేమ్స్ పీరియడ్ ఉంటుంది, పదో తరగతికి వచ్చేసరికి దాన్ని లెక్కలు, సైన్సు మింగేస్తాయి. ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు స్థలముంది, వ్యాయామ ఉపాధ్యాయుడు (పీఈటీ) ఉన్న చోట ఖోఖో జట్లు కూడా ఉన్నాయి. ఊబకాయం ప్రైవేటు బడుల్లో ఎక్కువ, ప్రభుత్వ బడుల్లో తక్కువ అని దేశంలో చాలా అధ్యయనాలు చెప్పాయి. దానికి డబ్బు ఒక కారణమైతే మైదానం ఇంకో కారణం. తిరుపతిలో ఇందిరా మైదానం, విశ్వవిద్యాలయం తారకరామ స్టేడియం, చిత్తూరులో మెసానికల్ మైదానం ఉన్నాయి. పొద్దున పూట అక్కడ మధుమేహం వచ్చిన పెద్దవాళ్ళు నడుస్తుంటారు. రాకుండా చూసుకోవాల్సినవాళ్ళు ఆ సమయానికి స్కూలు బస్సులో ఉంటారు. పక్కనే అలిపిరి నుంచి 3,550 మెట్లున్న కొండ ఉంది. దేశం నలుమూలల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కుతుంటే, ఊళ్ళో పిల్లలు పరీక్షల ముందు మొక్కు కోసం మాత్రమే ఎక్కుతున్నారు.

ఆడపిల్లల సంగతి ఇంకా కఠినం. ఆరేడు తరగతుల దాకా తొక్కుడుబిళ్ళ, స్కిప్పింగ్ అంటూ ఎగిరిన పిల్ల పెద్దమనిషి అయిన రోజు నుంచి వీధిలోకి ఆటకు రాదు. చిమ్మిలి, నెయ్యి, బెల్లం పెట్టి ఒళ్ళు పట్టించాలని చూస్తారు. ఒకప్పుడు బక్కగా ఉన్న పిల్లకు అది మేలు చేసిన ఆచారమే. ఇప్పుడు తిండి పెరిగే రోజూ ఆట ఆగే రోజూ ఒకటే అవుతోంది. ఆ తర్వాత నెలసరి తప్పడం, మొహాన రోమాలు, పీసీఓఎస్ (అండాశయాల హార్మోన్ సమస్య) అన్న మాట ఇంటర్‌లోనే వినిపించడం మొదలవుతాయి. రాష్ట్రంలో 2016-17లో వచ్చిన "బడికొస్తా" పథకం తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు సైకిళ్ళిచ్చింది. చదువు మానకూడదని ఇచ్చిన సైకిలు ఒంటికి కూడా మందే. మగపిల్లలతో పాటు ఆడపిల్లలకూ బడి ప్రాంగణంలోనే, బడి వేళల్లోనే ఆట ఉండాలనడానికి కారణం ఒకటే: ఇంటికెళ్ళాక వాళ్ళకి ఆట దొరకదు.

నిద్ర గురించి క్లుప్తంగా చెప్తాను. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలి. నిద్ర తగ్గితే ఆకలి పుట్టించే గ్రెలిన్ పెరుగుతుంది, కడుపు నిండిందని చెప్పే లెప్టిన్ తగ్గుతుంది. పొద్దున నాలుగున్నరకు లేపి చదివించే హాస్టళ్ళలో పిల్లలు లావెక్కడానికి మెస్సులో అన్నం ఒక్కటే కారణం కాదు.

"థైరాయిడ్ ఏమో డాక్టర్ గారూ" అని తల్లిదండ్రులు ముందుగా అడుగుతారు. అడగడం తప్పు కాదు గాని, పిల్లల ఊబకాయంలో హార్మోన్ల జబ్బు వల్ల వచ్చేది చాలా తక్కువ. గుర్తు పట్టడానికి ఒక సులువుంది. థైరాయిడ్ వంటి లోపం ఉన్న పిల్లలకు లావవుతూనే ఎత్తు పెరగడం మందగిస్తుంది. తోటివాళ్ళ కన్నా పొడుగ్గా ఉండి లావుగా ఉన్న పిల్లవాడికి చాలాసార్లు కారణం దినచర్యలోనే దొరుకుతుంది. వంశం ప్రభావం ఉంది, అమ్మానాన్నలిద్దరూ లావైతే పిల్లలకు ముప్పు పెరుగుతుంది. కానీ ముప్పై ఏళ్ళలో మన జన్యువులు మారలేదు, దేశంలో ఊబకాయ పిల్లలు మాత్రం ముప్పై రెట్లు పెరిగారు.

పరీక్షల కన్నా ముందు కంటికి కనిపించే గుర్తు మెడ. మెడ వెనక, చంకల్లో చర్మం మందమై నల్లగా, మెత్తటి మడతలా కనిపిస్తే అది మురికి కాదు. ఎన్నో ఇళ్ళలో తల్లులు సున్నిపిండితో, పీచుతో రుద్ది రుద్ది పిల్లవాడి మెడ పుండు చేస్తుంటారు. ఇన్సులిన్ సరిగ్గా పనిచేయడం లేదని ఒళ్ళు చెబుతున్న మాట అది. గురక, మోకాళ్ళ నొప్పులు, ఆయాసం, కాలేయంలో కొవ్వు ఆ తర్వాత వస్తాయి. "ఎత్తు పెరిగితే సర్దుకుంటుందిలే" అనేవాళ్ళకి ఒక లెక్క చెప్పాలి. రెండు లక్షల మందిని ఏళ్ళ తరబడి గమనించిన పదిహేను అధ్యయనాలను కలిపి 2016లో చూస్తే, కౌమారంలో ఊబకాయం ఉన్నవాళ్ళలో నూటికి 80 మంది పెద్దయ్యాక కూడా అలాగే ఉన్నారు.

అయితే ఈ లెక్క చెప్పి పిల్లవాణ్ణి భయపెట్టకూడదు, క్లాసులో నిలబెట్టి తూచి బరువు పైకి చదవకూడదు. లావుగా ఉన్న పిల్లవాడు బడిలో పేరు పెట్టి పిలిపించుకుంటాడు, ఆ పేరుకు భయపడే మైదానానికి దూరమవుతాడు, ఒంటరిగా కూర్చుని ఇంకాస్త తింటాడు. పెళ్ళిళ్ళలో బంధువులు వేసే మాటలు కూడా ఇంతకన్నా మంచివేమీ కావు. ఎదిగే వయసులో అన్నం మాన్పించడం, ఇంటర్నెట్‌లో చూసిన డైటు చేయించడం ఇంకా ప్రమాదం. ఎత్తు పెరుగుతున్న పిల్లల్లో చాలామందికి బరువు తగ్గించనక్కర్లేదు, ఉన్న చోట నిలబెడితే చాలు, పెరిగే ఎత్తు మిగతా పని చేస్తుంది. 2025లో మన దేశంలోకి వచ్చిన బరువు తగ్గించే ఇంజెక్షన్ల గురించి కొందరు తల్లిదండ్రులు ఇప్పుడే అడుగుతున్నారు. అవి తీవ్రమైన ఊబకాయంలో, నిపుణుల పర్యవేక్షణలో ఆలోచించాల్సినవి. ట్యూషన్ వేళ మార్చడానికి ఒప్పుకోని ఇల్లు ఇంజెక్షన్ దగ్గరికి పరుగెత్తడం సరికాదు.

దారులు చూపినవాళ్ళు లేకపోలేదు. చిలీ 2016లో చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న ప్యాకెట్ల మీద నల్లటి అష్టభుజి ముద్ర వేయించి, వాటిని బడుల్లో అమ్మకుండా ఆపింది. తీపి పానీయాల కొనుగోళ్ళు తగ్గాయి. మెక్సికో 2014లో వాటి మీద పన్ను వేసింది, 2025లో బడుల్లోంచి ప్యాకెట్ తిండిని పంపేసింది. మన దేశంలో కేరళ 2016లో పిజ్జా, బర్గర్ల మీద 14.5 శాతం పన్ను వేస్తే, మరుసటి ఏడు జీఎస్టీ వచ్చి ఆ ప్రయత్నం ఆగింది. మనకూ నియమం ఉంది. బడి ఆవరణలోనూ, గేటు నుంచి యాభై మీటర్ల లోపలా కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువున్న తిండి అమ్మకూడదని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ 2020లోనే నిబంధన తెచ్చింది. తిరుపతిలో ఏ బడి గేటు ముందైనా సాయంత్రం నాలుగున్నరకు నిలబడి చూడండి, యాభై మీటర్లు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో ఎవరికీ పట్టినట్టు కనిపించదు. బండి నడుపుకునే మనిషి పొట్ట కొట్టమని నేననడం లేదు. అదే బండి మీద ఉడకబెట్టిన చెనిక్కాయలు, అలసంద గుగ్గిళ్ళు, మొక్కజొన్న కంకులు, ఉప్పూకారం చల్లిన మామిడి ముక్కలు అమ్మించవచ్చు. కార్పొరేషన్ ఆ షరతు మీదే బడి ముందు చోటు ఇవ్వవచ్చు.

ప్రభుత్వ బడుల్లో మధ్యాహ్న భోజనం ఈ విషయంలో మనకున్న పెద్ద ఆస్తి. గుడ్డు, చిక్కీ, రాగి జావ అందులో ఉన్నాయి. పదో తరగతికి అదనపు తరగతులు పెట్టే బడుల్లో సాయంత్రం నాలుగు గంటలకు గుగ్గిళ్ళు కూడా పెడితే, ఆకలికీ బజ్జీకీ మధ్య ఒక అడ్డు నిలుస్తుంది. బక్కగా ఉన్న పిల్లకూ లావుగా ఉన్న పిల్లకూ ఒకే తిండి మేలు చేయగలదని చెప్పడానికి గుగ్గిళ్ళను మించిన ఉదాహరణ నాకు తెలియదు.

కారణాలన్నీ తూచి చూశాక నా తీర్పు ఇది. మన పట్టణాల్లో పిల్లల ఊబకాయానికి మొదటి కారణం వాళ్ళ సాయంత్రాన్ని మనం తీసేసుకోవడం. తిండి, ఫోను, నిద్ర దాని వెంట వచ్చినవి. వాటిని విడివిడిగా సరిచేయాలని చూసే ఇల్లు రెండు వారాల్లో అలసిపోతుంది. సాయంత్రం తిరిగి ఇస్తే మిగతావాటిలో సగం వాటంతటవే సర్దుకుంటాయి.

తిరుపతిలో 1954 నుంచి శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 1960 నుంచి ఎస్వీ వైద్య కళాశాల, 1983 నుంచి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం ఉన్నాయి. వైద్య విద్యార్థులు, గృహ విజ్ఞానం చదివే అమ్మాయిలు, మానవశాస్త్ర విభాగం వాళ్ళు ఉన్న ఊరిది. ఏటా జూలైలో ఒక వారం వీళ్ళంతా రెండు జిల్లాల్లోని బడులకు వెళ్ళి, ఒకటి నుంచి పదో తరగతి దాకా పిల్లల ఎత్తు, బరువు, నడుము కొలత తీసి, ఫలితం ఇంటికి మాత్రమే కాగితం మీద పంపితే, సర్వేలు వదిలేసిన వయసు లెక్క మన చేతికి వస్తుంది. దానికి కావలసింది కొలబద్ద, కాటా, టేపు. ఈ మాట ఆ సంస్థల పెద్దలకు మనవి చేస్తున్నాను.

తల్లిదండ్రులకు నా విన్నపం ఇంకా చిన్నది. వచ్చే పేరెంట్స్ మీటింగులో మార్కుల కాగితం చేతికి తీసుకునే ముందు రెండు ప్రశ్నలు అడగండి. మా బిడ్డ వారానికి ఎన్ని గంటలు ఆడుతోంది? ఆ ఆటస్థలం ఎక్కడ, ఒకసారి చూపిస్తారా? చూపించేదాకా అక్కణ్ణుంచి కదలకండి.